హోండాకు నాలుగు తలుపులు

కారు ముందరి జాలీ పోయింది ఒక శుక్రవారం. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడానికి వెళ్ళిన తిమ్మమ్మ నీళ్ళ బకెట్టు అలాగే పట్టుకుని వెనక్కి వచ్చి, "అమ్మా, కారుకు మూతి లేదు," అంది.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టి వెళ్ళి చూశాను. నిజంగానే లేదు. రెండు గుండ్రటి దీపాల మధ్య నిన్న సాయంత్రం దాకా మెరిసిన జాలీ ఉండవలసిన చోట పొడుగాటి నల్లటి ఖాళీ కనిపించింది. పళ్ళ సెట్టు తీసి గ్లాసులో వేసుకున్న మనిషి మొహంలా ఉంది కారు.

మా నాన్నగారు రామచంద్రరావుగారు చూడటానికి రాలేదు. ఆయన ఏడాదిగా ఆ కారు వైపు చూడటం లేదు. వీధిలోకి వెళ్ళాలంటే వంటింటి వెనక తలుపు తీసుకుని, పక్కింటి ప్రహరీ వారగా సందులోంచి వెళ్ళేవారు. లోపలినుంచే, "ఏం పోయింది?" అని అడిగారు. చెప్పాను. "మిగతాది కూడా ఎవరైనా పట్టుకుపోతే బావుణ్ణు," అన్నారు.

ఆ కారు మా తమ్ముడు సూర్యప్రకాశరావుది. హోండా ఎస్-600, అరవై నాలుగు మోడలు. ఇద్దరు మాత్రమే పట్టే బండి. పైన గుడ్డ కప్పు, కావాలంటే వెనక్కి మడిచి పెట్టుకోవచ్చు. సూర్యం పనిచేసిన ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన దాన్ని వెంట తెచ్చుకున్నాడు. తిరిగి వెళ్ళిపోయేటప్పుడు కాగితాలన్నీ సరిచేయించి సూర్యానికి ఇచ్చి వెళ్ళాడు. ఇంజను చూస్తే కుట్టుమిషనంత. మోత వింటే తేనెపట్టు కదిపినట్టు. వెనక చక్రాలను తిప్పేవి గొలుసులని తెలిసిన రోజు నుంచీ అశోక్‌నగర్‌లో దానికి సైకిల్ చెయిన్ కారు అని పేరు.

సూర్యం కిందటేడు శ్రావణంలో పోయాడు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

వాడి భార్య పద్మ మాతోనే ఉంది. చిక్కడపల్లి పిల్ల. మేము గుడివాడ వైపు నుంచి యాభై ఏడులో వచ్చినవాళ్ళం. వాళ్ళు తాతల నాటి నుంచీ ఇక్కడివాళ్ళు. అరవై తొమ్మిదిలో బడులూ కాలేజీలూ మూతపడి రోడ్లు ఖాళీగా ఉన్న నెలల్లో, సూర్యం ఆమెకు బాగ్‌లింగంపల్లి మైదానంలో ఆ కారు నడపడం నేర్పాడు. బయట జనం ఆంధ్రా, తెలంగాణా అని తగవులాడుకుంటూ ఉంటే వీళ్ళిద్దరూ రెండో గేరు ఎప్పుడు వెయ్యాలన్న దాని మీద తగవులాడుకునేవాళ్ళు.

జాలీ పోవడానికి ముందు రోజు, గురువారం, భోజనాల దగ్గర నాన్నగారు కంచంలోకి చూస్తూ ఒక మాట అన్నారు. "హిమాయత్‌నగర్‌లో బట్టల కొట్టాయన ఆ బండి కావాలంటున్నాడు. సంవత్సరీకాలు కూడా అయ్యాయి. దసరా వెళ్ళగానే ఇచ్చేస్తాను."

పద్మ చెయ్యి ఆగిపోయింది. "నేను నడుపుకుంట మామయ్యా. నాకు లైసెన్సున్నది."

"నువ్వు నడపలేవని కాదమ్మా. అది ఆడపిల్ల ఎక్కి నలుగురిలో తిరిగే బండి కాదు. పైన కప్పు చిరిగిపోయింది. చుట్టూ తెరలు లేవు. మనిషి నెత్తి నుంచి నడుం దాకా సంతలో కూర్చున్నట్టు కనిపిస్తాడు. గౌరవమైన కారంటే సుందరరావుగారిది. నల్ల రంగు. నాలుగు తలుపులు. కిటికీలకు తెరలు. వెనక సీట్లో ఒక పెద్దమనిషి కూర్చుంటే వీధికే నిండుగా ఉంటుంది."

"అవన్నీ ఉంటే ఉంచుతరా?"

"ఇద్దరు పట్టే బండికి నాలుగు తలుపులెలా వస్తాయమ్మా?"

"వస్తే?"

నాన్నగారు అన్నంలో మజ్జిగ పోసుకున్నారు. "సుందరరావుగారు చూసి, ఇది గౌరవమైన కారే అని ఆయన నోటితో అంటే ఉంచుతాను."

ఆ షరతు తీరేది కాదని ఆయన ధీమా. సుందరరావుగారు రిటైరైన తహసీల్దారు. మా వీధిలో గౌరవానికి సంబంధించిన వ్యవహారాలన్నీ ఆయన దగ్గరే తేలేవి. శుభలేఖలో ఎవరి పేరు ముందు వెయ్యాలి, ఇంటికి ఏ రంగు వేయిస్తే తేలికగా కనపడదు, ఇరానీ హోటల్లో నిలబడి చాయ్ తాగవచ్చునా కూడదా - అన్నిటికీ ఆయన తీర్పే. ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయి. చూపు ఆనడం లేదని ఒప్పుకోవడం గౌరవం కాదు కనక అన్నీ కనపడుతున్నట్టే నడిచేవారు.

అందుకని శుక్రవారం పొద్దున ఆ నల్లటి ఖాళీ చూసి పద్మ ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కారు ముందు గొంతుక్కూర్చుని, ఆ రంధ్రంలోకి తొంగి చూసి, "కప్పు లేదు, తెరల్లేవు, నాలుగు తలుపుల్లేవు, ఇప్పుడు మూతి గూడ లేదు. ఇంగ దీనికి తక్కువేముంది వదినా, కొత్తగ పుట్టినట్టే," అంది. అని ఫక్కున నవ్వింది. ఏడాది తరవాత ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదటిసారి. తిమ్మమ్మ భయపడి బకెట్టు వదిలేసింది. చిమ్మిన నీళ్ళు నా చీర మీదే పడ్డాయి.

సాయంత్రానికి పద్మ అన్న బాలకిషన్ వచ్చాడు. చిక్కడపల్లిలో సినిమా బోర్డులు రాసే షెడ్డు అతనిది. మనిషి పొట్టి; మాటలూ మీసాలూ మాత్రం తను గీసే బొమ్మల కొలతలో ఉండేవి. కారు చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు.

"నాలుగు తలుపులు ఉండాలన్నడా మీ మామ, తెరుచుకోవాలన్నడా?"

"ఉండాలన్నరు," అంది పద్మ.

"ఉంటయ్."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "బాలకిషన్, లేని తలుపు ఉన్నట్టు గీయడం మోసం కాదా?"

"ఏందక్కా గట్లంటవ్! నేను గీసిన దేవుని బోర్డు ముంగట జనం కొబ్బరికాయలు కొట్టి దండం పెడతరు. గది మోసమైతే నేను ఎన్నడో జైల్ల ఉండాలె." తరవాత గొంతు తగ్గించి, "చెల్లెకు ఇది కావాలె అక్కా. నేను తలుపులు గీస్త. మీరు మూతి సంగతి చూడుండ్రి," అన్నాడు.

మూతి కోసం మేము నారాయణగూడలో పీరయ్య దగ్గరికి బయల్దేరాం. ఆయన రేకు ట్రంకు పెట్టెలు చేస్తాడు. నేను పాఠాలు చెప్పే బడికి పరీక్ష పేపర్లు దాచే పెట్టెలు చేసి ఇచ్చింది ఆయనే. ఆ రోజు సన్నటి తుంపర పడుతోంది. చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి పద్మ నడక ఆపి గాలి పీల్చింది.

"మక్కకంకులు వదినా."

చెట్టు కింద గొడుగు కట్టుకుని నర్సింహమ్మ అనే ముసలామె బొగ్గుల మీద కంకులు కాలుస్తోంది. పద్మ ఒకటి కాల్చమని చెప్పి కుంపటి వైపు వంగి, అలాగే ఉండిపోయింది. కంకుల కింద నాలుగు పలకల అల్యూమినియం జాలీ. ఒక మూల మసిలోంచి వెండిరంగు ఇంకా మెరుస్తోంది.

"అవ్వా! నువ్వు నా కారు మూతి మీద కంకులు కాలుస్తున్నవ్!"

"ఎవ్వల కారు? ఇది మోరీల, మురికినీళ్ళల్ల పడి ఉండె. నీ కారు మూతి అయితే నీ కారుకుండాలె. మోరీల ఎందుకుంటది?"

"ఊడి పడ్డదేమో."

"పడ్డదాన్ని ఎవ్వలు ఎత్తుకుంటె వాళ్ళది. ఇగో, నిమ్మకాయ రాసిన. తిను."

పద్మ తిన్నది. నేనూ తిన్నాను. జాలీ గళ్ళన్నీ గింజల మీద అచ్చు పడి, నల్లటి చతురస్రాలు వరస తీరి ఉన్నాయి. లెక్కల టీచరు గీసిన గ్రాఫు కాగితంలా ఉందని అన్నాను. పద్మ నోట్లో గింజలు పెట్టుకుని నవ్వి, పొలమారి, నర్సింహమ్మ చేత వీపు మీద దెబ్బలు తిన్నది. జాలీ వేడికి అప్పటికే పడవలా వంగిపోయింది. తిరిగి అడగాలని ఇద్దరికీ అనిపించలేదు. "ఉంచుకో అవ్వా, కంకులు మంచిగ కాలుతున్నయ్," అంది పద్మ. నర్సింహమ్మ, "నీ కారు సల్లగుండ," అని ఇంకో కంకి చేతిలో పెట్టింది.

మేము చెప్పిందంతా పీరయ్య శ్రద్ధగా విన్నాడు. కొలతలు తీసుకోవడానికి మర్నాడు ఇంటికి వచ్చాడు. తరవాత మా వాకిట్లో పీరయ్య సుత్తి, బాలకిషన్ పాట కలిసి మొదలయ్యాయి. నేను వసారాలో కూర్చుని త్రైమాసిక పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండేదాన్ని. సుత్తి దెబ్బకు ఉలిక్కిపడి ఒక పిల్లకు ఒక మార్కు ఎక్కువ వేసిన మాట నిజమే; దిద్దలేదు.

పీరయ్య పని నీటుగా ఉంటుంది. కాని ఆయన చేతికి తెలిసినది ఒకటే వస్తువు. జాలీ రేకు మధ్యలో గులాబీ పువ్వు కొట్టాడు. నాలుగు మూలలకూ ఇత్తడి తొడుగులు వేశాడు. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి డిక్కీ మీద గొళ్ళెం, దానికి తాళం, పక్కలకు రెండు కొండ్లు వేలాడుతున్నాయి.

"కొండ్లెందుకు పీరయ్యా?"

"ఎత్తేటప్పుడు పట్టుకోనికి."

"దీన్ని ఎవరెత్తుతారు? ఇది కారు."

"మూలలున్నయ్, మూత ఉన్నది, లోపల సామాను పెడతరు. ఎప్పుడన్న ఎత్తవలసి వస్తదమ్మా. గప్పుడు కొండి లేకపోతే పీరయ్య చేసిండా అని నలుగురు నన్నే అంటరు."

కొండ్లు ఉండిపోయాయి.

రంగు దగ్గర పేచీ వచ్చింది. నాన్నగారు నలుపన్నారు. బాలకిషన్ దగ్గర నలుపు మీసాలకు, కళ్ళకు సరిపడేంతే ఉంది. అందులో ఏదో పెద్ద సినిమాకు చీరలు రాయగా మిగిలిన వంగపండు రంగు కలిపాడు. నీడలో నలుపు, ఎండలో నిగనిగలాడే వంకాయ. దాని మీద తెల్ల రంగుతో పొడుగాటి మెరుపులు తీశాడు.

"మెరుపు దానంతటది వస్తుంది కదా బాలకిషన్, ఎండ పడితే?" అన్నాను.

"ఎండ మెరుపు జరుగుతుంటదక్కా, దాన్ని నమ్మరాదు. నాది ఎక్కడికి పోదు."

తలుపుల దగ్గర మాత్రం అతను ఆ పూట పాట ఆపేశాడు. అసలు తలుపు వెనక, వెనక చక్రం మీది వంపులో సందు గీత, గీత పక్కన సన్నటి నీడ, ఆ పైన పిడి గీశాడు. పిడి కింద కూడా నీడ. రెండో వైపు కూడా అంతే. తిమ్మమ్మ తుడుచుకుంటూ వచ్చి ఆ పిడికి గుడ్డ తగిలించబోయింది. గుడ్డ కింద పడింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ పడింది. బాలకిషన్ నేల మీద వెల్లకిలా పడి నవ్వాడు.

"నీడ పడమటి ఎండకు గీసిన," అన్నాడు లేచి. "చూపించేది సాయంత్రం పెట్టుండ్రి. పొద్దున చూపిస్తే ఆగం అయితది."

ఇక కప్పు. పాత సినిమా బేనరు గుడ్డ మంచి దళసరిది తెచ్చి, ఇనప చట్రం మీద బిగించి కుట్టించాడు. పైకి నల్ల రంగు. లోపలి వైపు మాత్రం పాత బొమ్మ అలాగే ఉండిపోయింది. సీట్లో కూర్చుని తలెత్తితే ఒక హీరోయిన్ కుడి కన్ను, కాస్త కనుబొమ్మ, ముక్కుపుడక - చిన్న చాపంత - మన మీదికి వంగి చూస్తూ ఉంటాయి. కప్పు పక్కల మీద బాలకిషన్ కిటికీలు గీశాడు, లేసు తెరలతో సహా. నేను బడి నుంచి వచ్చి ఎడమ వైపు కిటికీ చూశాను. తెర సగం తొలగి ఉంది. లోపల ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు, భుజం మీద జరీ కండువా, గంభీరంగా ఎదురుగా చూస్తున్నాడు.

"ఎవరన్నా ఈయన?" అని అడిగింది పద్మ.

"ఏమో చెల్లె. కొద్దిగ జడ్జి, కొద్దిగ జమీందారు. ఉత్త కిటికీ గీయమంటే నా చెయ్యి ఒప్పుకోలే. వెనక సీట్ల పెద్దమనిషి ఉంటే నిండుగుంటదని మీ మామనే అన్నడంట గద?"

వెనక సీటే లేదన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. మేము అప్పటికి అంత దూరం వచ్చేశాం.

ఆయుధ పూజ నాడు సాయంత్రం సుందరరావుగారిని పిలిచాం. పద్మ కారుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, గేటు ముందు వీధిలో నిలబెట్టింది. వీధి వీధంతా గోడల మీదికి ఎక్కింది. బాలకిషన్, పీరయ్య మా జామచెట్టు చాటున నిలబడ్డారు. నర్సింహమ్మ కుంపటి ఆర్పేసి మరీ వచ్చింది.

సుందరరావుగారు గొడుగు పొడుచుకుంటూ ముందు గుమ్మంలోకే వచ్చారు. అలాంటి మనిషి ముందు గుమ్మంలో ఉంటే నాన్నగారు వెనక తలుపు తియ్యలేరు. కండువా సర్దుకుని, ఏడాది తరవాత ముందు గుమ్మం దాటి బయటికి వచ్చారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. పద్మ కారు పక్కన నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

నాన్నగారు కారు చూశారు. కొంచెంసేపు చూశారు. "ఎవరిదమ్మా ఇది?" అన్నారు.

"మనదే మామయ్యా."

"మనదా?" ఆయన ఒక మెట్టు దిగారు.

"మీదేనండీ, రంగు మార్పించినట్టున్నారు," అన్నారు సుందరరావుగారు, అంతా ముందే తెలిసినవారిలా. గొడుగు చంకలో పెట్టుకుని పరీక్ష మొదలుపెట్టారు. ముందు వైపు వంగారు. "గులాబీ పువ్వు. ఊఁ. శుభం." వెనక్కి వెళ్ళారు. తాళం పట్టుకుని ఆడించారు. "భద్రత ఉంది. ఈ కాలం బళ్ళకు ఇదే ఉండటం లేదు." కొండ్లు తడిమి ఏమీ అనలేదు, తెలియనివాటి గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనరు. అక్కణ్ణించి ఎడమ వైపుకు తిరిగారు. పడమటి ఎండ తిన్నగా తలుపు మీద పడుతోంది.

"నాలుగు తలుపులు. తెరలు." కిటికీ దగ్గరికి మొహం తీసుకువెళ్ళి ఆగిపోయారు. సర్దుకుని నిటారుగా నిలబడి, రెండు చేతులూ జోడించారు.

"నమస్కారమండీ."

గోడల మీదివాళ్ళు మెడలు చాచారు.

"రామచంద్రరావుగారూ, లోపల పెద్దలెవరో ఉన్నారని చెప్పరేం? వియ్యంకులవారా?" మళ్ళీ కిటికీ వైపు తిరిగి, కొంచెం గట్టిగా, "నమస్కారం! ఎండలో ఎంతసేపు కూర్చుంటారు, దిగండి," అన్నారు. జవాబు రాలేదు. "వినికిడి తక్కువ కాబోలు పాపం," అని మాతో జాలిగా అని, తలుపు పిడి పట్టుకోబోయారు. వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టుకోబోయారు. "బిగుసుకుందండీ. కొత్త తలుపు కదూ." గొడుగు గోడకు ఆనించి, చొక్కా చేతులు పైకి తోసి, రెండు చేతులతోనూ గోళ్ళు ఆనించి లాగడం మొదలుపెట్టారు. జామచెట్టు చాటున పీరయ్య నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

ఎవరైనా చెప్పాలి. నేను చెప్పాలని నోరు తెరిచాను. అప్పుడు వెనక నాన్నగారు దగ్గినట్టు వినపడింది. తిరిగి చూస్తే ఆయన మెట్ల మీద కూలబడి ఉన్నారు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు అదురుతున్నాయి. పద్మ పరిగెత్తింది.

కండువా కింద ఆయన నవ్వుతున్నారు. నవ్వు ఆపుకుందామని చూసి, ఆగక, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "సుందరరావుగారూ... ఆయన దిగరండీ... ఆయన... ఆయన దిగే రకం కాదు," అన్నారు. ఆ మాటతో వీధంతా ఒక్కసారి పగిలింది. గోడల మీదివాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. బాలకిషన్ పట్టుకున్న జామకొమ్మ విరిగి, దానితో సహా నేల మీద పడ్డాడు. నర్సింహమ్మకు ఏం జరిగిందో తెలియకపోయినా అందరికంటే ఎక్కువ నవ్వింది.

సుందరరావుగారు చెయ్యి చాపి పెద్దమనిషి మొహం తడిమారు. కళ్ళజోడు తడిమారు. తన కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను నమస్కారం పెట్టానా?" అని మెల్లిగా అడిగారు.

"రెండు సార్లు," అన్నారు నాన్నగారు.

"ఎవరెవరు చూశారు?"

నాన్నగారు చేత్తో వీధి మొత్తం చూపించారు.

పద్మ నవ్వడం మానేసింది. ఆమె కళ్ళు సుందరరావుగారి మీదే ఉన్నాయి. ఆయన ఒక్క మాట అంటే కారు హిమాయత్‌నగర్ వెళ్ళిపోతుంది. ఆయన గొడుగు తీసుకున్నారు. దుమ్ము దులుపుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"నాచేత రెండు సార్లు నమస్కారం పెట్టించుకున్న కారు," అన్నారు నలుగురికీ వినపడేటట్టు, "గౌరవమైన కారు కాదని నేనెలా అంటానండీ? అంటే నా గౌరవం ఏం కావాలి?"

పద్మ ఆయన కాళ్ళకు దండం పెట్టబోయింది. ఆయన, "ఉండమ్మా, ఉండు. నేను ముందు ఈ పెద్దమనిషిగారి సంగతి ఆలోచించుకోవాలి," అన్నారు.

నాన్నగారు లేచి, కారు చుట్టూ వచ్చి, బొమ్మ తలుపును ఒకసారి వేలితో తట్టి, అసలు తలుపు తీసుకుని కూర్చున్నారు. ఎవరూ అడగలేదు. పద్మ రెండో వైపు ఎక్కింది. తేనెపట్టు కదిలింది. నిమ్మకాయలు చితికాయి. లోపలినుంచి నాన్నగారి గొంతు వినపడింది. "అమ్మాయ్! పైనుంచి ఎవరో చూస్తున్నారే!"

వాళ్ళు చిక్కడపల్లి వైపు మలుపు తిరిగాక మోత కొంతసేపు వినపడింది. తరవాత వినపడలేదు. మేము గేటు దగ్గరే నిలబడ్డాం. సుందరరావుగారు కూడా వెళ్ళలేదు. బాలకిషన్ విరిగిన కొమ్మను చెట్టుకు ఆనించి నిలబెట్టాలని చూస్తున్నాడు.

తిరిగి వచ్చేటప్పటికి కారుకు కప్పు లేదు. గాలికి గుడ్డను చట్రానికి పట్టి ఉంచిన బిళ్ళలు ఊడి వెనక్కి మడత పడిపోయింది. పెద్దమనిషి నడుం దగ్గర రెండుగా మడుచుకుని, కళ్ళజోడు మాత్రం పైకి పెట్టి చూస్తున్నాడు. నాన్నగారి జుట్టు నిలువునా లేచి ఉంది. కండువా లేదు.

"కండువా ఏది నాన్నగారూ?"

"నారాయణగూడ చౌరస్తాలో ఉండాలి. అన్నపూర్ణా, బస్సును దాటాం. డబుల్ డెక్కరుని! పైన కూర్చున్నవాళ్ళంతా చేతులూపారు." ఆయన దిగలేదు. పద్మ వైపు తిరిగి, "సూర్యం కూడా మలుపుల్లో ఇలాగే తిప్పేవాడా?" అని అడిగారు.

ఏడాదిలో ఆయన నోట ఆ పేరు నేను వినలేదు.

"ఇంకా అన్యాలంగ మామయ్యా," అంది పద్మ. "నేనే నయం."

"అయితే ఇంకోసారి పోనీ. కండువా వెతుకుదాం."

కండువా దొరకలేదు. హిమాయత్‌నగర్ బట్టల కొట్టాయనకు నాన్నగారు తనే వెళ్ళి లేదని చెప్పి, అక్కడే కొత్తది కొనుక్కుని వచ్చారు. వెళ్ళింది కారులోనే.

ఆ తరవాత ఒక్కొక్కరే ఎక్కారు. ఒకసారికి ఒకరే పడతారు కనక వరస పెట్టుకోవలసి వచ్చింది. తిమ్మమ్మ ఎక్కి కళ్ళు మూసుకుని కూర్చుని, అంతా చూశానని చెప్పింది. పీరయ్య తను చేసిన మూలలు చప్పుడు చేస్తున్నాయేమోనని చెవి పెట్టుకుని కూర్చున్నాడు. నర్సింహమ్మ చౌరస్తాలో దిగకుండా రెండో చుట్టు అడిగింది. సుందరరావుగారు చీకటి పడ్డాక వచ్చి, ఎవరూ చూడటం లేదు కదా అని కనుక్కుని ఎక్కారు. దిగేటప్పుడు మడిచి ఉన్న బొమ్మ పెద్దమనిషిని కాస్త సరిచేసి వెళ్ళారు.

ఈ మధ్య సాయంత్రాలు నేను బడి నుంచి వచ్చేసరికి పద్మ ఇంజను వేసి ఉంచుతుంది. ఎడమ వైపు తలుపు తీసి పట్టుకుని, "రా వదినా," అంటుంది. పేపర్లు దిద్దాలంటాను. రేపు అంటాను. నాన్నగారు వెళ్ళి కూర్చుంటారు.

గొళ్ళెం కొట్టేటప్పుడు పీరయ్య ఊడదీసిన వెనక బంపరు ఇంకా బిగించలేదు. సూర్యం పోయాక నేను ఇంకా ఆ కారు ఎక్కలేదు.